తడి గోనెసంచులు

మార్చి 23, సోమవారం

మెడలో కార్డు వేశారు! ఫోటోలో ముక్కు కాస్త పెద్దగా పడింది కానీ పేరు తప్పు లేకుండా రాశారు. నౌరీన్, ఇంటర్న్, సిస్టమ్స్ ఇంజనీరింగ్. పొద్దున్నుంచి నలభై సార్లు చూసుకుని ఉంటాను. బస్సులో కూడా తీయలేదు. ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొడుతూ కండక్టరమ్మ "ఏ కంపెనీ మేడం?" అంది. మేడం! శామీర్‌పేటలో దిగేదాకా నేల మీద లేను.

ఈ నోట్‌బుక్ ఇక నుంచి ఆఫీసు డైరీ. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. అమ్మీ, అబ్బా ఇద్దరూ ఉర్దూ బడికి పోయినవాళ్లు. మంచం మీద పడేసి పోయినా నాకు భయం లేదు.

కంపెనీ మేడ్చల్ బస్ డిపో దాటాక వస్తుంది. కోళ్ల షెడ్లకు కంట్రోల్ పెట్టెలు చేస్తారు. లోపల వేడి ఎంతుందో చూసి ఫ్యాన్లు వేయడం, ఆపడం అంతా పెట్టె పనే. ఇన్నాళ్లూ గోడలు కట్టిన పెద్ద షెడ్లకే చేశారు. ఇప్పుడు చిన్న రైతుల కోసం, గోడల బదులు రెండు పక్కలా ఇనుప జాలీ ఉండే మామూలు షెడ్లకు కొత్త పెట్టె తెస్తున్నారు.

కోళ్లు! దేని నుంచి పారిపోయానో అదే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇంటర్వ్యూలో "నాయిన ఏం చేస్తడు?" అని పార్వతీదేవి మేడం అడిగితే "వ్యాపారం" అన్నాను. అబద్ధం కాదు. ఐదు వేల కోళ్లు పెంచి అమ్మడం వ్యాపారం కాకపోతే మరేమిటి?

కాలేజీ బస్సులో మూడేళ్లు నా పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉండేదో నాకు తెలుసు. ఇక్కడ అది మొదలు కాకూడదు.

మార్చి 25, బుధవారం

మున్షీని చూశాను. అసలు పేరు ఇంగ్లీషులో బారెడు ఉంది. మా గౌరయ్య కాక దాన్ని మున్షీ అన్నాడు, ఇక అందరూ అలాగే పిలుస్తున్నారు. కాక షెడ్లలో పెట్టెలు బిగించే మెకానిక్కు, ఇరవై ఏళ్ల సర్వీసు. మున్షీ ఏఐ. పాత మాన్యువళ్లు, ఫిర్యాదు కాగితాలు, జనవరిలో రైతులతో మాట్లాడి రాసుకున్న నోట్సు, అన్నీ దాని ముందు పోస్తే, కొత్త పెట్టె ఏమేం చేయాలో ఒక్కొక్క వాక్యంగా విడదీసి పెడుతుంది. నిమిషన్నరలో నాలుగు వందల పన్నెండు వాక్యాలు! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా. అన్వేష్ నవ్వాడు. వాడూ నాలాగే ఇంటర్న్, మచ్చ బొల్లారం నుంచి బండి మీద వస్తాడు.

ప్రతి వాక్యం పక్కన రెండు గళ్లు. ఇది జరుగుతోందని ఎలా పరీక్షిస్తాం అనేది ఒకటి. ఇది ఎవరు చెప్పారు అనేది రెండోది. ఆ రెండో గడి మీద మేడంకు ప్రాణం. ఆవిడ ఇదివరకు రాకెట్ల భాగాలు చేసే చోట పనిచేసి వచ్చింది.

"ఎవరు చెప్పిన్రో తెల్వని మాట మన పెట్టెల ఉండొద్దు. పేరు, ఊరు, ఫోన్ నంబర్. రేపు ఏదన్న తేడా వస్తే ఎవర్ని అడుగుతం మనం?" అంది.

మున్షీకి అర్థం కానిచోట అదే మనల్ని ప్రశ్న అడుగుతుంది. దానికి జవాబిచ్చి, చదివానని సంతకం పెట్టే పని నాది. నాది! వచ్చి మూడు రోజులు కాలేదు, నా సంతకం లేకుండా పెట్టె ముందుకు కదలదు.

మార్చి 31, మంగళవారం

రెండు వందల అరవై వాక్యాలు అయిపోయాయి. ఇవాళ మున్షీ ఒక తప్పు పట్టింది. ఒక మాన్యువల్లో కోడిపిల్లలకు ముప్ఫై మూడు డిగ్రీలని ఉంది, ఇంకో దాంట్లో ముప్ఫై అని. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది నమ్మాలి అని అడిగింది. రెండూ నిజమేనని, మొదటి వారం ఒకటి, రెండో వారం ఇంకొకటని నేను టక్కున చెప్పేశాను. మేడం తలెత్తి చూసింది.

"ఎట్ల తెలుసు?"

"ఎక్కడో చదివాను మేడం."

చదివే ఉంటాను. అబద్ధం కాదు.

ఈ బ్యాచ్‌లో ఒక్కరికే ఉద్యోగమట. అన్వేష్‌కి కోడ్ బాగా వచ్చు. నాకు మున్షీ బాగా వచ్చు. చూద్దాం!

ఏప్రిల్ 2, గురువారం

వంద శాతం! నాలుగు వందల పన్నెండుకు నాలుగు వందల పన్నెండు, ముప్ఫై ఒక్క ప్రశ్నలకు ముప్ఫై ఒక్క జవాబులు. తెర మీద పచ్చ గీత ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. అన్వేష్ పని ఇంకా డెబ్బై దగ్గరే ఉంది, పాపం.

పదిహేడో ప్రశ్న దగ్గర మాత్రం కాస్త ఆగాను. "ఈ షెడ్లకు పక్కల జాలీ ఉందని నోట్సులో ఉంది. ఎండాకాలంలో దానిమీద ఏమైనా కప్పుతారా? కప్పితే వేడి కొలిచే సెన్సర్ దాని పక్కన పడుతుందా?" అని. భలే బుర్ర దీనిది! మావాళ్లు రైతుల దగ్గరికి పోయింది జనవరిలో. అప్పుడు ఎవరి జాలీ మీదా ఏమీ ఉండదు. ఎండలే చూడని మిషన్‌కు ఎండ మీద అనుమానం వచ్చింది.

కప్పుతారు. గోనెసంచులు, తడిపి. ఏడో క్లాసు నుంచి నేను తడిపినవే.

"అవును" నొక్కాను. వెంటనే రెండో గడి తెరుచుకుంది. ఎవరు చెప్పారు? పేరు, ఊరు, ఫోన్ నంబర్. పక్క కుర్చీలో అన్వేష్. వెనక మేడం. నంబర్ రాస్తే ఫోన్ చేస్తారు. చేస్తే అబ్బా ఎత్తుతాడు, వెనక కోళ్ల గోల.

వెనక్కి వచ్చి "వర్తించదు" నొక్కాను.

సెన్సర్ ఎక్కడ పెట్టాలో గౌరయ్య కాకకు ఆ మాత్రం తెలియదా? ఇరవై ఏళ్ల అనుభవం.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఇరవై ఏళ్ల అనుభవం.

ఏప్రిల్ 8, బుధవారం

ఇవాళ పెద్ద మీటింగ్. కంపెనీ యజమాని కూడా కూర్చున్నాడు. నేను లేచి మున్షీతో ఎలా పనిచేశానో చెప్పాను. మొదలుపెట్టాక ఎవరాపినా ఆగేలా లేను. నాలుగు నెలల పని రెండు వారాల్లో అయిందని మేడం అందరి ముందూ అంది. కలాకండ్ తెప్పించారు. రెండు ముక్కలు తిన్నాను, ఒకటి రుమాలులో చుట్టి అమ్మీకి తెచ్చాను.

అమ్మీ సగం కొరికి సగం అబ్బాకు పెట్టింది. "మీ ఆఫీసోళ్లు ఏం తయారు చేస్తరు?" అని అబ్బా అడిగాడు. "కంట్రోలర్లు" అన్నాను. "దేనికి?" అన్నాడు. "అన్నిటికీ" అన్నాను.

ఏప్రిల్ 13, సోమవారం

మొదటి పెట్టె బిగించడానికి శామీర్‌పేట చెరువు అవతల లక్ష్మణ్ అనే రైతు షెడ్డుకు పోయాం. కాక, అన్వేష్, నేను. మా ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ముఖానికి మాస్కు పెట్టుకున్నాను. దుమ్ము కదా.

ఐదు వేల కోళ్లు, ముప్ఫై మూడు రోజులవి, ఒక్కోటి ముద్దుగా రెండు కిలోలకు దగ్గర పడింది. లక్ష్మణ్ భార్య జయమ్మ షెడ్డు చూసుకుంటుంది. పెట్టె తెర మీద మా అక్షరాలు వెలిగినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మున్షీ రాసింది, నేను సంతకం పెట్టింది, కళ్ల ముందు ఫ్యానై తిరుగుతోంది! ఆ సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

సెన్సర్ కాక చేతిలో ఉంది. ఎక్కడ పెడతారని అడిగాను.

"మున్షీ కాగితంల జాలీ పక్క గుంజకు అని ఉన్నది. గాడనే."

"మీకేం అనిపిస్తుంది కాకా?"

"నేను బిగిచ్చినయన్ని గోడలున్న షెడ్లే బిడ్డా. గీ జాలీల సంగతి నాకేం ఎరుక? మీరు సదువుకున్నోళ్లు సంతకం పెట్టిన్రు గద."

షెడ్డు మూలన గోనెసంచులు గుట్టగా ఉన్నాయి, మా ఇంట్లో ఉన్నట్టే. జయమ్మ వాటిని దులిపి ఒక్కొక్కటే ఆరేస్తోంది. నేను అటు చూడలేదు.

పెట్టె గురువారం నుంచి సొంతంగా నడుస్తుంది. అప్పటిదాకా జయమ్మే చేత్తో ఫ్యాన్లు వేసుకుంటుంది.

ఏప్రిల్ 14, మంగళవారం. సెలవు

మధ్యాహ్నం మా షెడ్డులో సంచులు తడిపాను. చాలా రోజులైంది, అబ్బా ఆశ్చర్యపోయాడు. తర్వాత ఊరికే, ఏం లేదు, ఊరికే, ఆఫీసు నుంచి తెచ్చిన థర్మామీటర్‌తో కొలిచాను. సంచి పక్కన ముప్ఫై. షెడ్డు నడుమ ముప్ఫై ఏడు.

ఏప్రిల్ 15, బుధవారం

చెప్పేదాన్నే. మేడం పొద్దంతా ఫోన్లో ఉంది.

ఏప్రిల్ 16, గురువారం

ఇవాళ రాయలేను.

ఏప్రిల్ 17, శుక్రవారం

నిన్నటిది రాయాలి. రాయకపోతే నాకు నేనే ఇంకో కథ చెప్పుకుంటానని తెలుసు.

పదకొండింటికి జయమ్మ షెడ్డులో పెట్టెను సొంత నడకలో పెట్టారు. స్విచ్చులు ముట్టుకోవద్దని ఆమెకు చెప్పారు. ఆఫీసులో పెద్ద తెర మీద అంతా కనిపిస్తోంది. బయట నలభై ఒకటి. లోపల ఇరవై తొమ్మిదిన్నర అని చూపిస్తోంది. చల్లగా ఉందనుకుని పెట్టె నాలుగు ఫ్యాన్లలో మూడు ఆపేసింది. మేడం నవ్వింది. "ఒక్క ఫ్యానుతోని గింత సల్లగనా!" అన్వేష్ నా భుజం తట్టి, "మస్తు చేసినవ్ పో, ఉద్యోగం నీదే" అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ ఇరవై తొమ్మిదిన్నర షెడ్డు వేడి కాదు. తడి గోనెసంచి వేడి. ఆ గదిలో అది తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు చెబుదాం, కాదు ఇంకో నిమిషం, బహుశా జయమ్మ ఇవాళ సంచులు కట్టలేదేమో, బహుశా గాలి ఉందేమో. పన్నెండుంపావు నుంచి ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ దాకా. నలభై నిమిషాలు.

తెర మూలన నీళ్ల మీటరు ఉంది. దాన్ని ఎవరూ చూడట్లేదు. అంకెలు పరిగెడుతున్నాయి. కోడి అలా నీళ్లు ఎప్పుడు తాగుతుందో నాకు తెలుసు. నోరు తెరిచి, రెక్కలు విడిచి, మెడ చాచి కూర్చున్నప్పుడు. ఆ తర్వాత తాగడం కూడా మానేస్తుంది.

లేచి అరిచాను. "మేడం, ఫ్యాన్లు వేయించండి! కోళ్లు చచ్చిపోతున్నాయి!"

అందరూ తిరిగి చూశారు.

"ఎవరు చెప్పిన్రు?" అంది మేడం. ఆవిడకు ఆ ప్రశ్న అలవాటు, తిట్టు కాదు.

"ఎవరూ చెప్పలేదు మేడం. మాది కోళ్ల షెడ్డు. అబ్బా కోళ్లు పెంచుతాడు. ఎండాకాలం జాలీకి తడి సంచులు కడతాం. సెన్సర్ వాటి వెనక ఉంది."

జయమ్మ ఫోన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. చెరువు దగ్గరే ఇంకో పని మీద ఉన్న గౌరయ్య కాక ఎత్తాడు. ఏడు నిమిషాల్లో అక్కడికి చేరి, నాలుగు ఫ్యాన్లూ చేత్తో వేశాడు. నేనూ మేడమూ కార్లో వెళ్లేసరికి జయమ్మ షెడ్డు బయట కూర్చుని ఉంది. ముందు వరసగా పేర్చిన కోళ్లు. పందొమ్మిది.

"మిషనే సూస్కుంటది, ముట్టకు అన్నరు గదా బిడ్డా అని ఊకున్న. లోపటికి పోతే ఉడుకు మొకానికి కొట్టింది. అయినా ముట్టలే" అంది జయమ్మ. తిట్టలేదు. తిడితే బాగుండేది.

కంపెనీ నష్టం కట్టిస్తుందని మేడం ఆమెకు మాట ఇచ్చింది. నేను మాస్కు తీసి జయమ్మ పక్కన కూర్చున్నాను. తెలిసి చెప్పలేదు, తప్పు నాదే అన్నాను. ఆమె నా ముఖం చూసి, "నువ్వు ఇస్హాక్ భాయ్ బిడ్డవు గదా?" అంది. మొన్ననే గుర్తుపట్టిందట.

ఏప్రిల్ 18, శనివారం

మేడం గదిలోకి పిలిచింది. తెర మీద పదిహేడో ప్రశ్న. నొక్కిన సమయం కూడా ఉంది. ముందు "అవును", పన్నెండు సెకన్ల తర్వాత "వర్తించదు". మున్షీ ఏదీ మరచిపోదు.

"తెల్వక చేస్తే నేర్పిద్దును నౌరీన్. నువ్వు తెలిసి చేసినవ్. గా మిషన్‌కు అడుగుడు రాదనుకున్న నేను. అది మంచిగనే అడిగింది. జవాబు మన దగ్గర ఆగింది."

ఏడుపు ఆగలేదు. వాసన గురించి, బస్సు సీటు గురించి, వ్యాపారం అన్న మాట గురించి అన్నీ చెప్పాను. ఆవిడ విన్నది. ఓదార్చలేదు.

"ఉద్యోగం అన్వేష్‌కు రాసిన. మిగిలిన ఐదు వారాలు నీ సంతకం చెల్లదు. కానీ కోడి నీళ్లు తాగుడు చూసి షెడ్డు వేడి చెప్పినదానివి నువ్వొక్కదానివే, గా తెలివే నాకు కావాలె. నీ ముప్ఫై ఒక్క ప్రశ్నలు మళ్ల మొదటి నుంచి. ఈసారి ఆఫీసుల కూసోని కాదు, పెంచేటోళ్ల నోటి నుంచి."

బయటకు వస్తుంటే కాక గేటు దగ్గర టీ ఇప్పించాడు. "సంచుల సంగతి మిషన్ అడిగె. ఎరుకున్న నువ్వు దాచిపెడితివి. ఎరుక లేని నేను అడగకపోతిని. నాదీ తప్పే బిడ్డా" అన్నాడు.

ఉద్యోగం పోయింది. బస్సులో బాధపడాలని చాలా ప్రయత్నించాను. బాధ ఉంది. కానీ మేడ్చల్ దాటకముందే బ్యాగులోంచి కాగితం తీసి ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టాను. నాకు సిగ్గు కూడా లేదనుకుంటా.

ఏప్రిల్ 19, ఆదివారం

అబ్బాకు చెప్పడమే మిగిలింది. మేడంకు చెప్పడం దీని ముందు ఏమీ కాదు.

పొద్దున ఆయన నీళ్ల గిన్నెలు కడుగుతుంటే పక్కన కూర్చుని నేనూ ఒకటి తీసుకున్నాను. అంతా చెప్పాను. కంపెనీ దేనికి కంట్రోలర్లు చేస్తుందో, మున్షీ ఏం అడిగిందో, నేను ఏం నొక్కానో, పందొమ్మిది కోళ్లు. ఆయన గిన్నె తోముతూనే ఉన్నాడు.

"నీకు తెలుసు గదా సంచుల సంగతి. ఎందుకు రాయలే?"

"రాస్తే నీ పేరు రాయాలి అబ్బా."

"రాస్తే?"

"మాది కోళ్ల షెడ్డని తెలుస్తుంది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. అబ్బా చేతులు ఆగాయి. గిన్నె బోర్లించాడు, ఇంకోటి తీసుకున్నాడు, దాన్నీ బోర్లించాడు. తిడతాడనుకున్నాను. లేచి వెళ్లిపోతాడనుకున్నాను.

"కంపు ఉంటది బేటా" అన్నాడు చివరికి. "ఉన్నది లేదంటే పోతదా?"

నేను ఏడిచాను. ఆయన చెయ్యి నా తల దాకా వచ్చింది, తడిగా ఉందని చూసుకుని వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. అప్పుడు పెట్టాడు.

కాసేపయ్యాక, "ఇంకేం అడిగింది గా మున్షీ? సదువు" అన్నాడు.

ఫోన్ తీశాను. మొదటి ప్రశ్న చదివాను, జవాబు చెప్పాడు. రెండోది చదివాను. మూడోదానికి నవ్వాడు. "గిది అడిగినోడు షెడ్డు సూడలే." ఆరోదానికి, "అచ్ఛా! గిది మంచిగ అడిగిండు" అని మోకాలు మీద కొట్టుకున్నాడు. అమ్మీ చాయ్ తెచ్చి మధ్యలో రెండు జవాబులు దిద్దింది. పోయిన కరెంటు మళ్లీ వస్తే ఫ్యాన్లన్నీ ఒక్కసారే వేయకూడదట. కింద పరిచిన పొట్టు దుమ్ము లేచి కోళ్లకు దగ్గు పట్టుకుంటుందట. పక్కన పెళ్లి బ్యాండు మోగితే ఒక లైటు తప్ప అన్నీ ఆర్పేయాలట. లేకపోతే బెదిరి ఒకే మూలకు పోగై, కిందివి ఊపిరాడక చస్తాయట. ఇది మున్షీ అడగనే లేదు! ఏ మాన్యువల్లోనూ లేదు! పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లో ఉన్న నాకే తెలియదు! గబగబా టైప్ చేశాను. గంటన్నరలో నలభై మూడు కొత్త వాక్యాలు, మున్షీ ఒక్కొక్కటి తీసుకుని తన చోట పెట్టుకుంటోంది, మేడంకు ఆదివారమని కూడా చూడకుండా మెసేజ్ పెట్టాను, ఆవిడ వెంటనే "ఇంకా అడుగు" అని పంపింది.

ఎవరు చెప్పారు అనే గడి తెరిచి ఇస్హాక్ అని రాశాను. ఊరు, ఫోన్ నంబర్ రాశాను. అబ్బా మెడ చాచి ఫోన్ చూశాడు. ఆయనకు ఆ అక్షరాలు రావు.

"ఏం రాసినవ్? సదువు."

"ఇస్హాక్, శామీర్‌పేట."

తల అడ్డంగా ఊపాడు.

"ఒట్టి ఇస్హాక్ అంటే ఎవలకు తెలుస్తది? ఊళ్ల ముగ్గురున్నరు ఇస్హాక్‌లు. మీ మేడం ఎవలనన్న అడిగితే దొరకాలె గదా. కోళ్ల ఇస్హాక్ అని రాయి."

రాశాను.